గేటుకు తాళం, జీతానికి కోత: ఆటల ఖాతాపుస్తకంలోంచి కొన్ని విశేషాలు

ధోనీ వేసుకునే పసుపు చొక్కా వెనక డబ్బు ఎక్కడిదని అడిగితే కుర్రాళ్లు చెన్నైది అంటారు. అందులో కొంత మా కడప జిల్లా ఎర్రగుంట్లది కూడా. 2008లో ఐపీఎల్ జట్లను వేలం వేసినప్పుడు చెన్నైని 9.1 కోట్ల డాలర్లకు పాడుకున్నది ఇండియా సిమెంట్స్. ఆ కంపెనీకి ఎర్రగుంట్ల మండలంలోనే రెండు ఫ్యాక్టరీలున్నాయి. చిలంకూరుది 1990లో కోరమండల్ ఫర్టిలైజర్స్ దగ్గర కొన్నారు. ఎర్రగుంట్లది కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అమ్మకానికి పెడితే తొంభైల చివర్లో తీసుకున్నారు. తమిళనాడులో, తెలంగాణలో కూడా వాళ్లకు ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి సొమ్మంతా మనదేనని చంకలు గుద్దుకోనక్కర్లేదు. అయినా మన సున్నపురాయి వాటా ఆ ఖాతాలో లేకపోలేదు. వాళ్ల సిమెంటు బస్తాల్లో ఒకదాని మీద పేరు కోరమండల్ కింగ్ అని ఉండేది. జట్టు పేరు సూపర్ కింగ్స్.

ఐదు లక్షల జట్టు

క్రికెట్ బోర్డు పదవుల్లో ఉన్నవాళ్లకు బోర్డు నడిపే పోటీల్లో వ్యాపారం ఉండకూడదని ఒకప్పుడు నియమం ఉండేది. ఇండియా సిమెంట్స్ అధినేత ఎన్. శ్రీనివాసన్ అప్పుడు బోర్డు కోశాధికారి. చెన్నై జట్టు కొన్న కొద్ది నెలలకే, 2008 సెప్టెంబరులో, ఆ నియమాన్ని సవరించి ఐపీఎల్‌కు మినహాయింపు ఇచ్చారు. ఆయన తర్వాత కార్యదర్శి అయ్యారు, ఆ తర్వాత అధ్యక్షుడూ అయ్యారు. ఆ సవరణను సుప్రీంకోర్టు 2015 జనవరి 22న కొట్టేసింది. అప్పుడు జట్టును కంపెనీ నుంచి విడదీసి చెన్నై సూపర్ కింగ్స్ క్రికెట్ లిమిటెడ్ అనే కొత్త సంస్థకు అప్పగించారు. ఆ బదిలీలో జట్టుకు కట్టిన విలువ 5 లక్షల రూపాయలు! ప్రొద్దుటూరులో ఆ డబ్బుకు ఒక సెంటు ఇంటిస్థలం వస్తుందో రాదో. తర్వాత బెట్టింగ్ కుంభకోణం మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ లోధా కమిటీ చెన్నైని, రాజస్థాన్‌ను రెండేళ్లు పక్కన పెట్టింది. 2018లో తిరిగొచ్చిన చెన్నై ఆ ఏడాదే కప్పు కొట్టింది.

కథ అక్కడితో ఆగలేదు. విడదీసినప్పుడు ఇండియా సిమెంట్స్ వాటాదార్లకు కొత్త సంస్థ వాటాలు కూడా అందాయి. ఆ వాటాలు స్టాక్ మార్కెట్‌లో నమోదు కాలేదు కానీ బయట చేతులు మారుతూనే ఉన్నాయి. 2022 జనవరి నాటికి ఆ బయటి ధర లెక్కన జట్టు విలువ సుమారు 7,600 కోట్లకు చేరింది. ఆ రోజుల్లో దాన్ని కన్న సిమెంటు కంపెనీ మార్కెట్ విలువ అంతకన్నా తక్కువ. 1949 నుంచి సిమెంటు తయారుచేస్తున్న సంస్థను పద్నాలుగేళ్ల జట్టు దాటేసింది.

2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ బిర్లాల అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. శ్రీనివాసన్ కుటుంబ, అనుబంధ వాటా 32.72 శాతానికి పలికిన ధర 3,954 కోట్లు. అంటే చిలంకూరు ఫ్యాక్టరీకి యజమాని మారాడు. జట్టుకు మారలేదు. 2015లో కోర్టు దెబ్బకు విడదీయడమే 2024లో వాళ్లకు జట్టును మిగిల్చింది. కోర్టులో ఓడిన కేసు ఇంత లాభం తెచ్చిన ఉదాహరణ వ్యాపార చరిత్రలో మరొకటి వెతకాల్సిందే.

హైదరాబాదు జట్టు లెక్క దీనికి తలకిందులు. డెక్కన్ ఛార్జర్స్‌ను డెక్కన్ క్రానికల్ పత్రిక సంస్థ 10.7 కోట్ల డాలర్లకు పాడుకుంది. అది చెన్నై కన్నా ఎక్కువ ధర. మొదటి ఏడాది ఆఖరి స్థానం, రెండో ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు. ఆ తర్వాత పత్రిక అప్పుల్లో కూరుకుంది. 2012లో ఆటగాళ్లకు డబ్బు ఆలస్యమైందన్న వార్తలు మొదలయ్యాయి. సెప్టెంబరులో యాజమాన్యమే జట్టును వేలానికి పెడితే ముందుకొచ్చింది ఒక్కరే, విజయవాడ వాడైన పొట్లూరి వరప్రసాద్ సంస్థ పీవీపీ. వాళ్లు 900 కోట్లు ఇస్తామన్నారు. చెల్లింపు తీరు నచ్చలేదని యాజమాన్యం కాదంది. ఆ మర్నాడే బోర్డు జట్టును రద్దు చేసింది. బొంబాయి హైకోర్టుకు వెళితే 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ తెమ్మన్నారు. అది గడువులోగా రాలేదు. అక్టోబరు 25న మళ్లీ టెండరు తెరిస్తే సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లు, పీవీపీ 69.03 కోట్లు రాశాయి. అలా హైదరాబాదు జట్టు చెన్నై కంపెనీది అయింది, పేరు సన్‌రైజర్స్.

దాని తోక ఇంకా పొడుగు. రద్దు అన్యాయమని పాత యాజమాన్యం మధ్యవర్తి దగ్గరకు వెళ్లింది. 2020లో ఆయన బోర్డు 4,814.67 కోట్లు కట్టాలన్నారు. ఏడాది తిరక్కుండా, 2021 జూన్‌లో, బొంబాయి హైకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. 2011లో ఇలాగే బ్యాంకు గ్యారంటీ తగవుతో రద్దయిన కొచ్చి టస్కర్స్‌కు మాత్రం అదే హైకోర్టు 2025 జూన్‌లో 538 కోట్ల పరిహారాన్ని ఖాయం చేసింది. కొచ్చి తరఫున ఆడిన ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్ హాడ్జ్ పదేళ్ల తర్వాత, 2021లో, తమకు రావాల్సిన దాంట్లో 35 శాతం ఇంకా అందలేదని బహిరంగంగా రాశాడు. యజమానికీ బోర్డుకూ తీర్పులు వచ్చాయి. వాళ్ల మధ్య నలిగిన ఆటగాడికి ఒక ట్వీటే దిక్కయింది.

ఆ కొచ్చి జట్టులో మన వి.వి.ఎస్. లక్ష్మణ్ కూడా ఆడాడు. లక్ష్మణ్ గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. 2008లో సచిన్, గంగూలీ, ద్రావిడ్, యువరాజ్, సెహ్వాగ్‌లు తమ తమ ఊళ్ల జట్లకు 'ఐకాన్'లు. ఐకాన్‌కు ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ పలికిన వాడి మీద 15 శాతం అదనంగా ఇవ్వాలి. లక్ష్మణ్ ఆ హోదా నాకొద్దన్నాడు, జట్టుకు మంచి ఆటగాళ్లను కొనే డబ్బు మిగలాలని. ఆండ్రూ సైమండ్స్‌ను ఛార్జర్స్ 13.5 లక్షల డాలర్లకు కొన్నారు. లక్ష్మణ్‌కు దక్కింది 3.75 లక్షలు. ఐకాన్ అయివుంటే సైమండ్స్ కన్నా 15 శాతం ఎక్కువ వచ్చేది. తేడా ఎంతో మీరే కూడుకోండి.

మంచు మీది లాకౌట్లు

సమ్మె అంటే కార్మికుడు పని ఆపడం, లాకౌట్ అంటే యజమాని గేటుకు తాళం వేయడం. సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ బతికే మా మండలంలో ఈ తేడా ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం రెండింటికీ విడివిడిగా నిర్వచనాలు రాసింది. కానీ ఆటస్థలానికి తాళం వేయడం మనం చూడలేదు. అది చూడాలంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్, ఎన్‌హెచ్‌ఎల్, దగ్గరకు పోవాలి.

1992 ఏప్రిల్‌లో అక్కడి ఆటగాళ్లు పది రోజులు సమ్మె చేశారు. పేచీల్లో ముఖ్యమైంది ఏమిటో తెలుసా? పిల్లలు పోగుచేసుకునే ఆటగాళ్ల బొమ్మల కార్డులు. ఆ కార్డుల మీద వచ్చే సొమ్ము ఎవరిదన్నది తగవు. 1994లో వంతు యజమానులది. వాళ్లు తాళం వేశారు, సీజన్ 48 ఆటలకు కుదించుకుపోయింది. అన్నిటికన్నా పెద్దది 2004 సెప్టెంబరు 16న మొదలైన లాకౌట్. ఆటగాళ్ల జీతాల మొత్తానికి గరిష్ఠ పరిమితి పెట్టాలని యజమానులు, కుదరదని సంఘం. 2005 ఫిబ్రవరి 16న కమిషనర్ గ్యారీ బెట్‌మన్ సీజన్ మొత్తాన్ని రద్దు చేశాడు. 1,230 మ్యాచులు గాలికి పోయాయి. ఉత్తర అమెరికాలో ఒక పెద్ద లీగ్ కార్మిక తగవుతో పూర్తి సీజన్ పోగొట్టుకోవడం అదే మొదలు. మొత్తం 310 రోజులు. ఈలోగా నాలుగు వందల దాకా ఆటగాళ్లు యూరప్ జట్లలో కూలికి పోయారు.

వాళ్ల కప్పు పేరు స్టాన్లీ కప్. గెలిచిన వాళ్ల పేర్లు దాని మీదే చెక్కుతారు. ఆ ఏడాది చోట 'సీజన్ ఆడలేదు' అని చెక్కించారు. దానికి ముందు కప్పు ఎవరికీ దక్కని సంవత్సరం 1919. అప్పటి కారణం ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి, ఫైనల్ మధ్యలో ఆపేశారు.

చివరికి యజమానులే గెలిచారు. జట్టుకు 3.9 కోట్ల డాలర్ల జీతాల పరిమితి, ఉన్న ఒప్పందాల్లో 24 శాతం కోత. అయినా 2012లో మళ్లీ తాళం పడింది. అప్పటికి రాబడిలో ఆటగాళ్ల వాటా 57 శాతం. యజమానులు దాన్ని 43 దగ్గర మొదలెట్టారు. 113 రోజులకు, 2013 జనవరి 6న, సగం సగం దగ్గర కుదిరింది. ఈ బేరం జమ్మలమడుగు సంతలో ఎద్దుల బేరగాళ్లకు చూపిస్తే మొదటి రోజే యాభై అని చెప్పేవాళ్లు.

సగం సగం అన్నాక ఆ సగం ఎంతో ఏడాది చివరిదాకా తెలియదు కదా. అందుకు వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు తమాషాగా ఉంటుంది. ప్రతి ఆటగాడి జీతంలోంచి కొంత శాతం తీసి విడిగా ఒక ఖాతాలో ఉంచుతారు. సీజన్ ముగిశాక మొత్తం రాబడి లెక్కతేలి, ఆటగాళ్లకు సగం కన్నా ఎక్కువ పోయిందని తేలితే ఆ తేడా యజమానులు తీసుకుంటారు, మిగిలింది ఆటగాళ్లకు తిరిగిస్తారు. శనగలు అమ్మిన రైతుకు తూకం, తేమ తేలేదాకా మండీ వ్యాపారి కొంత సొమ్ము ఆపినట్టే. కరోనా తర్వాత, ప్రేక్షకులు కరువైన 2020-21 సీజన్‌లో, ఆ కోత ఐదో వంతుకు చేరింది. కోట్లు సంపాదించే వాళ్లయినా జీతపు చీటీ చూసి నిట్టూర్చే బాధ ఒకటేనేమో.

ఇక్కడిదాకా చదివి ఐస్ హాకీ ఆటగాళ్ల సంఘం బలమైందని అనుకుంటారు. ఆ బలం ఊరికే రాలేదు. 1925లో కెనడాలోని హామిల్టన్ టైగర్స్ లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది. ఆ ఏడాది మ్యాచులు 24 నుంచి 30కి పెంచారు, జీతం పెంచలేదు. తలా 200 డాలర్లు అదనంగా ఇస్తే తప్ప చివరి పోటీలు ఆడమని ఆటగాళ్లు కూర్చున్నారు. లీగ్ అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్ వాళ్లందరినీ సస్పెండ్ చేసి, తలా అదే 200 జరిమానా వేశాడు. ఆటగాళ్లను 75 వేల డాలర్లకు న్యూయార్క్‌కు అమ్మేశారు. కొన్నవాడు బిల్ డ్వయర్, నిషేధం రోజుల్లో దొంగసారా వ్యాపారి. హామిల్టన్‌కు ఎన్‌హెచ్‌ఎల్ జట్టు మళ్లీ రాలేదు.

1957లో డెట్రాయిట్ స్టార్ టెడ్ లిండ్సే సంఘం పెట్టబోయాడు. ఆ వేసవిలోనే అతన్ని అప్పట్లో అట్టడుగు జట్టయిన షికాగోకు బదిలీ చేశారు. ప్రయత్నం కూలిపోయింది. 1967లో అలన్ ఈగిల్సన్ అనే లాయరు సంఘాన్ని నిలబెట్టాడు, పాతికేళ్లు ఏలాడు. 1998లో అతనే ఆటగాళ్ల సొమ్ము విషయంలో మోసం చేశానని ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. యజమాని చేతిలో దెబ్బ తిన్నవాళ్లు నాయకుడి చేతిలోనూ తిన్నారు. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర యూనియన్ రాజకీయాలు చూసిన మావాళ్లకు ఇదేం కొత్త కాదు.

మనవాళ్ల తగవులు

మన దేశంలో ఇప్పుడు ఆడుతున్న క్రికెటర్లకు సంఘం లేదు. లోధా సంస్కరణల పుణ్యమా అని 2019లో భారత క్రికెటర్ల సంఘం ఏర్పడింది కానీ అది ఆట మానేసిన వాళ్లకు. కాబట్టి ఇక్కడి గొడవలన్నీ ఒంటరి గొడవలే.

1989లో బోర్డు అనుమతి లేకుండా అమెరికాలో ప్రదర్శన మ్యాచులు ఆడారని ఆరుగురు పెద్ద ఆటగాళ్లను ఏడాది నిషేధించారు. కపిల్, వెంగ్‌సర్కార్, రవిశాస్త్రి లాంటివాళ్లు. వాళ్లలో హైదరాబాదీ మహమ్మద్ అజహరుద్దీన్ కూడా ఉన్నాడు. తగవు సుప్రీంకోర్టు గడప తొక్కాక నిషేధం ఎత్తేశారు. కొద్ది నెలలకే అజహర్ భారత కెప్టెన్ అయ్యాడు. నిన్న నిషేధించిన వాణ్ని నేడు నాయకుణ్ని చేయగల గుండె బోర్డుకే ఉంది.

గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు కథ ఇంకా పొడుగు. 2007లో సుభాష్ చంద్ర జీ సంస్థ బోర్డుకు పోటీగా ఇండియన్ క్రికెట్ లీగ్ పెట్టింది. రాయుడు, మరికొందరు హైదరాబాదు రంజీ ఆటగాళ్లు అందులో చేరారు. వాళ్ల జట్టు హైదరాబాద్ హీరోస్. బోర్డు తన మైదానాలు ఇవ్వనంటే ఆ లీగ్ ఫతేమైదాన్‌లోని లాల్‌బహదూర్ స్టేడియంలో ఆడింది, అది రాష్ట్ర ప్రభుత్వానిది కాబట్టి. హీరోస్ 2008లో కప్పు కూడా గెలిచారు. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు బహుశా గెలిచినవాళ్లే. లీగ్ మూతపడింది, చాలామంది ఆటగాళ్లకు బకాయిలు మిగిలాయి. 2009లో బోర్డు 79 మందికి క్షమాభిక్ష పెట్టింది. రాయుడు తిరిగొచ్చి ముంబై తరఫున మూడు, చెన్నై తరఫున మూడు ఐపీఎల్ కప్పులు ఎత్తాడు. 2018లో 602 పరుగులు చేశాడు. ఆ ఏడాది అతన్ని 2.2 కోట్లకు కొన్నది, మళ్లీ, మన సిమెంటు కంపెనీ నుంచి విడిపోయిన జట్టే.

నిజమైన కూలి తగవు లాగా కనిపించేది మాత్రం బ్యాడ్మింటన్‌లో జరిగింది. 2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ మొదలైంది. హైదరాబాదు జట్టు హాట్‌షాట్స్ సైనా నాయకత్వంలో తొలి కప్పు గెలిచింది, ఆ సంగతి అందరికీ గుర్తుంది. అదే వేలంలో ఐకాన్లుగా 50 వేల డాలర్ల కనీస ధర నిర్ణయించిన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పలకు, వాళ్లకు చెప్పకుండానే, దాన్ని సగానికి తగ్గించారు. జ్వాల 31 వేలకు, అశ్విని 25 వేలకు పోయారు. జ్వాల ఊరుకునే మనిషి కాదు, బహిరంగంగా నిలదీసింది. తర్వాత మ్యాచుల్లో ఒక ఆటగాడి మార్పు గురించి తగవొచ్చి సమాఖ్య క్రమశిక్షణ కమిటీ ఏకంగా జీవితకాల నిషేధం సిఫారసు చేసింది. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఆడే హక్కు తెచ్చుకుంది. సంఘం ఉండుంటే కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని ఉండేది కాదేమో. ఆమె ఒక్కతే ఎక్కింది.

యజమాని మునిగినప్పుడు

పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ 1998లో దివాలా తీసింది. అప్పులవాళ్ల జాబితాలో అందరికన్నా ముందున్నవాడు ఆ జట్టు మాజీ ఆటగాడే. మారియో లెమ్యూకు వాయిదా వేసిన జీతమే మూడు కోట్ల డాలర్లకు పైన ఉంది. అతను ఆ బాకీలో కొంత భాగాన్ని వాటాగా మార్చుకుని 1999లో జట్టు యజమాని అయ్యాడు. 2000 డిసెంబరులో రిటైర్మెంట్ వదిలేసి మళ్లీ ఆడాడు. తన జట్టుకు, తానే యజమానిగా! ఇవ్వాల్సిన కూలికి బదులు ఫ్యాక్టరీనే రాసిచ్చినట్టు.

న్యూయార్క్ ఐలాండర్స్‌ను 1996లో కొంటానని వచ్చిన జాన్ స్పానో దగ్గర అసలు డబ్బే లేదు. 1.7 కోట్ల డాలర్లు రావాల్సిన చోట ఒకసారి 1,700 డాలర్లు పంపాడు. సున్నాలు మరిచిపోయాడో, ఎవరూ లెక్కపెట్టరని అనుకున్నాడో. జైలుకు పోయాడు. బఫెలో సేబర్స్ యజమానుల కేబుల్ కంపెనీ అడెల్ఫియా 2002లో కూలినప్పుడు లీగే జట్టును కాపాడుకుంది. డెక్కన్ క్రానికల్ కథకు దగ్గరి చుట్టం ఇదే. తేడా ఒక్కటే, అక్కడ జట్టు ఊళ్లోనే నిలిచింది, ఇక్కడ రద్దయింది.

ఊరు మారిన జట్లూ ఉన్నాయి. అరిజోనా కొయోటీస్ 2009లో దివాలా తీసి, లీగే నడిపి, చివరికి ఒక విశ్వవిద్యాలయం మంచు మైదానంలో, ఐదు వేల లోపు సీట్లలో ఆడి, 2024లో 120 కోట్ల డాలర్ల లావాదేవీతో సాల్ట్‌లేక్ సిటీకి వెళ్లిపోయింది. ఎడారిలో మంచు ఆట అంటే ఇంతే అని నవ్వకండి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి చూడండి. 2019లో డబ్బు తగ్గి మూతపడిన పుణె జట్టు స్థానంలో పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మరుసటి ఏడాది జీతాలు నిలిచాయి. బకాయిలు కట్టలేదని కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం వేసింది. విదేశీయులు, పేరున్నవాళ్లు జనవరి కల్లా వెళ్లిపోతే కుర్రాళ్లతో లాగి 2023-24లో అట్టడుగున ముగిసింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి పోయింది. పుణె దివాలాతో పుట్టి, హైదరాబాదు దివాలాతో వెళ్లిపోయింది.

అదే 2025లో లీగ్ హక్కుల ఒప్పందం పొడిగింపు తేలక సూపర్ లీగ్ మొదలే కాలేదు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాళ్ల జీతాలు నిరవధికంగా ఆపేసింది. తాళం ఎవరూ వేయలేదు, సమ్మె ఎవరూ చేయలేదు. ఆట లేదు, జీతం లేదు. దీన్ని ఏ పేరుతో పిలవాలో!

ఎవరి వాటా ఎంత?

ఐపీఎల్ 2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్లు. అంటే ఏడాదికి 9,678 కోట్లు. 2025లో ఒక్కో జట్టు ఆటగాళ్లకు పెట్టగలిగేది 120 కోట్లు, పైన మ్యాచ్ ఫీజులకు 12.60 కోట్లు. పది జట్లకు 1,326 కోట్లు. అంటే ఒక్క టీవీ, మొబైల్ డబ్బుతో పోల్చినా ఆటగాళ్లకు దక్కేది ఏడో వంతు. స్పాన్సర్లు, టికెట్లు కలిపితే ఇంకా తక్కువ. ఐస్ హాకీలో అన్ని రాబడులూ కలిపి సగం. రిషబ్ పంత్‌కు 27 కోట్లు ఇచ్చారని మనం నోళ్లు వెళ్లబెడతాం. అతని సంఘం అతనికి ఎంత తేవాల్సిందో ఎవరూ అడగరు, సంఘమే లేదు కాబట్టి.

విచిత్రం ఏమిటంటే మహిళల లీగ్‌లో ఆ నిష్పత్తి బాగుంది. డబ్ల్యూపీఎల్ ప్రసార హక్కులు ఐదేళ్లకు 951 కోట్లు, ఏడాదికి 190 పైచిలుకు. ఐదు జట్లు తలా 15 కోట్ల వరకు ఆటగాళ్లకు పెడితే 75 కోట్లు. దాదాపు నలభై శాతం! మొత్తం సొమ్ము చిన్నది, వాటా పెద్దది. యజమానులు ఉదారులై ఇచ్చారనుకోవద్దు. జట్ల ధరలు చూస్తే వాళ్లు ఆటను ముందుచూపుతో కొన్నారని తెలుస్తుంది. 2023లో ఐదు జట్లకు 4,669.99 కోట్లు పలికాయి, ఢిల్లీ ఒక్కటే 810 కోట్లు. ఆ ఢిల్లీలో సగం వాటా రాజాం నుంచి వచ్చిన గ్రంధి మల్లికార్జునరావు జీఎంఆర్‌ది. వాళ్లు పురుషుల ఢిల్లీ జట్టును 2008లో 8.4 కోట్ల డాలర్లకు కొని, 2018లో అందులో సగం 550 కోట్లకు జేఎస్‌డబ్ల్యూకు అమ్మారు.

ఆ ఢిల్లీ మహిళల జట్టులోనే మా పక్క పిల్ల ఉంది. కలమల్లలో, తొలి తెలుగు శాసనం దొరికిన ఆ ఊళ్లోనే, 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మావాళ్లు ఆర్‌టీపీపీ అంటారు. అక్కడి ఉద్యోగి కూతురు శ్రీచరణి, ఎర్రగుంట్లను ఆనుకుని ఉన్న వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆమె ఊరు. మొదట పరుగులు, ఖోఖో. క్రికెట్ బంతి గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ల దగ్గర. ఎడమచేతి స్పిన్నర్. 2025 వేలంలో కనీస ధర 10 లక్షలు, ఢిల్లీ 55 లక్షలకు తీసుకుంది. ఆ జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి టీ20లోనే 12 పరుగులకు నాలుగు వికెట్లు. నవంబరు 2న భారత్ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు టోర్నీలో ఆమెవి 14 వికెట్లు. నవంబరు చివర్లో జరిగిన వేలంలో అదే ఢిల్లీ ఆమెను మళ్లీ 1.3 కోట్లకు కొనుక్కుంది.

ప్రపంచ కప్పుకు రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు ప్రకటించింది 2.5 కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో వెయ్యి గజాల స్థలం. అంటే లీగ్ వేలం ఇచ్చినదానికి దాదాపు రెట్టింపు నగదు, పైన భూమి, పదవీ విరమణ దాకా జీతం. ఐస్ హాకీ ఆటగాళ్లు 310 రోజులు బయట కూర్చున్నా ఒప్పందంలోకి ఎక్కించుకోలేనిది ఒకటి ఇందులో ఉంది. మా ఎర్రగుంట్లలో ఏ ఇంట్లో చెప్పినా ముందు అడిగేది అదే: ఉద్యోగం పర్మనెంటేనా?